సాల్మన్ అనే పేరు చాటున: మాగ, విలస, పులస

హైదరాబాదులోని పెద్ద చేపల అంగళ్లలో, మంచు పరచిన బల్లల మీద, ఇటీవలి సంవత్సరాలలో "సాల్మన్" అనే చీటీ తరచుగా కనబడుతున్నది. కంది, సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతాలవారు కూడా నగరానికి వెళ్లి వచ్చేటప్పుడు ఆ చేపను కొని తెచ్చుకొంటున్నారు. అయితే ఆ చీటీ క్రింద ఉండే చేప ప్రతిసారీ ఒకటే కాదు. ఒకచోట అది నార్వే దేశం నుండి వచ్చిన నారింజరంగు ముక్క. మరొకచోట అది మన బంగాళాఖాతంలోనో అరేబియా సముద్రంలోనో దొరికిన తెల్లని కండగల చేప. దానికి వ్యాపారులు పెట్టుకొన్న పేరు "ఇండియన్ సాల్మన్". ఇవి చాలనట్లు, గోదావరి పులసను గురించి చెప్పేవారు "అది మన సాల్మను" అని మురిసిపోతుంటారు. ఈ మూడింటికీ రుచిలో గాని, ధరలో గాని, వండే తీరులో గాని పోలిక లేదు. పేరును నమ్మి డబ్బు పోసినవారు ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించిన తరువాత నిరాశ పడవలసి వస్తుంది. కాబట్టి పేరును ప్రక్కన పెట్టి, చేపను చూచి గుర్తించడం ఎట్లాగో, సముద్రంలో దానిని ఎట్లా పడతారో, ఎట్లా వండుకొంటే బాగుంటుందో ఇక్కడ వివరింపదలచాము.

అసలు సాల్మను మన సముద్రాలలో లేదు. అది చల్లని నీటి చేప. అట్లాంటిక్ మహాసముద్రంలో ఒక జాతి, పసిఫిక్ మహాసముద్రంలో పలు జాతులు కలవు. ఉత్తర అమెరికా పడమటి తీరాన పట్టేవి అయిదు: చినూక్, కోహో, సాకై, పింక్, చమ్. నదిలో పుట్టి, సముద్రానికి పోయి, అక్కడ పెరిగి, గుడ్లు పెట్టే వేళకు తిరిగి నదిలోకి రావడం వీటి స్వభావం. నదిలో ప్రవేశించిన తరువాత ఒక్కొక్క జాతి ఒక్కొక్క రంగు తిరుగుతుంది; సాకై ఒళ్లంతా ఎర్రబడి, తల మాత్రం పచ్చగా మారుతుంది. కాని ఉప్పునీటిలో ఉన్నంతకాలం అన్నింటిదీ వెండిరంగే. అందుచేత సముద్రం మీద దానిని పట్టినవాడు నోరు తెరిచి చూస్తాడు. చిగుళ్లు నల్లగా ఉండి, తోక రెండు పాయల మీదా చుక్కలుంటే అది చినూక్. పళ్ల మొదట చిగురు తెల్లగా ఉండి, చుక్కలు తోక పైపాయ మీద మాత్రమే ఉంటే కోహో. వీపు మీదా తోక మీదా పెద్ద పెద్ద అండాకారపు మచ్చలుంటే పింక్. సాకైకి, చమ్‌కు అటువంటి స్పష్టమైన చుక్కలుండవు.

సియాటిల్, వాంకూవర్ పరిసరాలలో స్థిరపడిన మన తెలుగువారు గాలం పట్టదలచుకొంటే ఈ గుర్తులు నేర్చుకొనక తప్పదు. అక్కడ గాలం వేయడానికి అనుమతిపత్రం కావలెను. ఏ జాతి చేపను, ఎంత పొడవుదానిని, రోజుకు ఎన్నింటిని ఉంచుకోవచ్చునో ప్రభుత్వ నియమాలు నిర్ణయిస్తాయి. సాల్మనుకు వీపురెక్కకూ తోకకూ నడుమ, ముళ్లు లేని కండతునక వంటి చిన్న రెక్క ఒకటి ఉంటుంది. చేపపిల్లల కేంద్రాలలో పెంచి విడిచిన పిల్లలకు ఆ రెక్కను ముందే కత్తిరిస్తారు. పలుచోట్ల రెక్క లేని కోహోను ఇంటికి తీసుకుపోవచ్చును. రెక్క ఉన్నది సహజంగా పుట్టినదని గ్రహించి మరల నీటిలో విడువవలెను. మనకు కూడా ఈ చిన్న రెక్క పనికివచ్చే గుర్తే. మన అంగళ్లలో "ఇండియన్ సాల్మన్" అని అమ్మే చేపకు గాని, పులసకు గాని ఆ రెక్క ఉండదు. మన చేపలలో జెల్లల వంటి కొన్నింటికి అది ఉన్నది గాని, జెల్లను చూచి సాల్మను అని భ్రమపడేవారు ఉండరు కదా!

ఇక ఇండియన్ సాల్మన్ సంగతి. ఇది మన కోస్తావారు తరతరాలుగా "మాగ" అని పిలిచే చేప. బొంబాయివారు దీనిని రావస్ అంటారు. పొడవైన వెండిరంగు దేహం, లోతుగా చీలిన తోక, గట్టి కండ చూచి తెల్లదొరలు తమ దేశపు చేప పేరు దీనికి తగిలించారు. బంధుత్వం మాత్రం ఏమీ లేదు. దీని ముక్కు మొద్దుగా ముందుకు పొడుచుకొని వచ్చి, నోరు దాని క్రింద ఉంటుంది. కంటి మీద గాజువంటి పలుచని పొర కప్పి ఉంటుంది. వీపు మీద రెక్కలు రెండు, వేరువేరుగా ఉంటాయి. వీటన్నింటికంటె తప్పని గుర్తు మరొకటి ఉన్నది: మొప్పల వెనుక, ప్రక్కరెక్క క్రింద, దారపు పోగులవంటివి వ్రేలాడుతుంటాయి. ఆ పోగులు చేపకు చేతివ్రేళ్ల వంటివి. తీరప్రాంతపు బురదనీటిలో కన్ను ఆనదు. ఆ పోగులతో నేలను తడిమి రొయ్యలను, చిన్నచేపలను వెదుక్కొంటుంది.

ఈ కుటుంబపు చేపలను వేరుచేయడానికి శాస్త్రజ్ఞులకైనా, బెస్తవారికైనా, వంటింటి గృహిణికైనా ఒకటే ఉపాయం, పోగులు లెక్కపెట్టడం. ఒక్కొక్క ప్రక్క నాలుగు పోగులుంటే అది అసలైన మాగ, అనగా బొంబాయి రావస్. అయిదు పోగులుండి, శరీరం పెద్దదైతే అది దాని దాయాది. బొంబాయివారు దారా అనే చేప. దాని గాలితిత్తిని ఎండబెట్టి వేరుగా అమ్ముతారు. దానికి విదేశాలలో మంచి గిరాకీ. ఆరు పోగులుండి, మొప్ప వెనుక భుజం దగ్గర నల్లని మచ్చ ఉంటే అది చిన్నజాతి. ఎన్నడూ పెద్దది కాదు. దానిని పెద్ద మాగ పిల్ల అని చెప్పి అమ్మితే నమ్మవలసిన పని లేదు. ఏడు పోగులుండి, అవి దేహం కంటె కూడా పొడవుగా సాగి ఉండే బంగారురంగు చేప మరొకటి కలదు. బెంగాలులో దానిని తోప్షే అంటారు. అది గుడ్లు పెట్టడానికి ఏటిముఖాలలోకి ఎక్కుతుంది.

మాగ జీవితంలో ఒక వింత ఉన్నది. ఇది మొదట మగచేపగా పెరిగి, కొంత వయస్సు వచ్చిన తరువాత ఆడచేపగా మారుతుంది. అందుచేత వలలో పడిన భారీ మాగ దాదాపు ఎల్లప్పుడూ తల్లిచేపే. పెద్దవాటినే ఏరి పట్టినచోట గుడ్లు పెట్టేవి కొరవడతాయి. చిన్నవాటినే ఏరి పట్టినచోట తల్లులయ్యేవి కొరవడతాయి. రెండు విధాలా నష్టమే గనుక ఈ చేప విషయంలో వల కన్ను ఎంత ఉండవలెననేది తేలికగా తీసిపారవేయదగిన ప్రశ్న కాదు.

మాగ లోతైన నీలిసముద్రంలో ఉండే చేప కాదు. ఏటిముఖాలు, బురదతీరాలు దాని నివాసం. మన తీరాన దానిని ప్రధానంగా నీటిలో గోడవలె నిలబెట్టే వలలతో పడతారు. చీకటివేళ వలను వదలి, పడవతోపాటు నీటివాలుకు తేలనిస్తారు. కనబడని ఆ దారపు గోడలో చేప తల దూర్చి, వెనుకకు తీయబోయి మొప్పల దగ్గర చిక్కుకొంటుంది. ఒడ్డున నిలిచి పదులమంది కలిసి లాగే అలివి వలలోను అప్పుడప్పుడు పడుతుంది. మరపడవలు నేలమట్టాన ఈడ్చే వలలలో కూడా వస్తుంది గాని, ఈడ్పులో నలిగిన చేప కండ మెత్తబడుతుంది. నిలువు వలలో పడి, వెంటనే మంచుకెక్కిన మాగకు గల బిగువు దానికి రాదు. కొనేటప్పుడు పొలుసులు ఊడి, ఒళ్లు గీతలు పడి ఉంటే ఈ కారణం ఊహించవచ్చును.

ముక్కలుగా కోసినదానిని కొనవలసి వస్తే పోగులు లెక్కించే అవకాశం ఉండదు. అప్పుడు కండరంగే సాక్షి. అసలు సాల్మను కండ నారింజ, గులాబి రంగులలో ఉండి, నడుమ తెల్లని కొవ్వు గీతలు కనబడతాయి. ఆ రంగు అది తినే ఎర్రని చిన్న రొయ్యజాతి జీవుల నుండి వస్తుంది. పెంపకపు చేపకు ఆ రంగు పదార్థాన్ని మేతలోనే కలుపుతారు. మాగ కండ తెలుపు. "తెల్ల సాల్మన్" అని ఎవరైనా అమ్మజూపితే అది మాగయో దాని దాయాదియో అని అనుకోవచ్చును. అంతమాత్రాన తక్కువచేపని మా అభిప్రాయం కాదు. ముళ్లు తక్కువ, కండ గట్టిది, నీచు వాసన స్వల్పం; పసిపిల్లలకు పెట్టడానికి ఇంత అనువైన సముద్రపు చేపలు కొన్నే. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించి, పెనం మీద వేపితే విరగక నిలుస్తుంది. ఇగురుకు కూడా మేలైనది. నార్వే నుండి వచ్చిన ముక్కకు పెట్టే డబ్బులో కొంతభాగంతోనే ఒక ఇంటికి రెండు పూటల మాగ వస్తుంది.

పులస కథ వేరు. రూపంలో దానికి సాల్మనుతో పోలిక లేదు, నడతలో ఉన్నది. సముద్రంలో ఉన్నప్పుడు దానిని విలస అంటారు. కొందరు ఇలస అంటారు. గోదావరికి వరదనీరు వచ్చే ఆషాఢ శ్రావణ మాసాలలో అది సముద్రం విడిచి, ప్రవాహానికి ఎదురీది, మంచినీటిలోకి ఎక్కుతుంది. అప్పుడు దానికి పులస అని పేరు వస్తుంది. బెంగాలీల ఇలిష్ కూడా ఇదే చేప. పసిఫిక్ సాల్మను గుడ్లు పెట్టిన వెంటనే చనిపోతుంది. పులస మాత్రం మరల సముద్రానికి దిగిపోగలదు, మరుసటి ఏడు మరల రాగలదు. రానిచ్చినప్పటి మాట అది.

వెడల్పుగా, ప్రక్కలకు అదిమినట్లుండే వెండిరంగు దేహం. పొట్ట అంచున రంపపు పళ్లవలె గరుకుగా తగిలే పొలుసులు. పైదవడ నడుమ ఒక చిన్న నొక్కు — ఇవి విలసకు గుర్తులు. పొట్టవెంట వ్రేలు తోక నుండి తలవైపు నడిపితే రంపం తెలుస్తుంది. దీని దాయాదులు రెండు మన సముద్రాలలో కలవు. ఒకటి చిన్నది, మొప్ప వెనుక ఒక నల్లని మచ్చ, దాని వెంట వరుసగా చుక్కలు ఉంటాయి. విలస పిల్లలకు కూడా అటువంటి చుక్కలుంటాయి గనుక చుక్కలున్న చిన్నచేపను పులస అని పెద్దధర పెట్టి కొనడం ఏ విధంగానూ తెలివైన పని కాదు. రెండవ దాయాదిని తోలి అంటారు. తోకపాయలు కొంచెం పొడవు, మొప్పలలోని దువ్వెనపళ్ల వంటి నిర్మాణం విలసలో ఉన్నంత దట్టంగా ఉండదు. రుచిలో విలసకు తీసికట్టు.

కందివారికీ గోదావరి పులసకూ ఏమి సంబంధం అని శ్రోతలు అడగవచ్చును. సంగారెడ్డి ప్రక్కగా పారే మంజీర ఉత్తరంగా పోయి, నిజామాబాదు జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తున్నది. విలసను సముద్రం నుండి పిలిచే ఎర్రని వరదనీటిలో మన మంజీర నీటికి కూడా పాలు ఉన్నది. పటాన్‌చెరు కర్మాగారాల వ్యర్థజలం నక్కవాగు దారిని మంజీరను చేరుతున్నదన్న వివాదం 1990లో సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది. ఎగువన నీరు చెడినా, తగ్గినా దాని ఫలితం దిగువన ఉన్నవారికే గాక, దిగువ నుండి పైకి రాదలచిన చేపకు కూడా తగులుతుంది.

అయితే పులస దారికి అన్నింటికంటె పెద్ద అడ్డు ధవళేశ్వరం. 1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యాన మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టాకు అన్నం పెట్టింది ఆ ఆనకట్టే. దానిని నిందించడం మా ఉద్దేశం కాదు. కాని గోడ ఎక్కలేని చేపకు అది నది అంతమే అయినది. ఆ ఆనకట్ట స్థానంలో తరువాత బారేజి వచ్చింది. ఇప్పుడు పులస వేట బారేజికి దిగువన, గౌతమి, వసిష్ఠ పాయలలో, యానాం, నర్సాపురం, సిద్ధాంతం వంటి ఊళ్ల దగ్గర సాగుతున్నది. గంగానదిలోను ఇదే జరిగింది. 1975లో ఫరక్కా బారేజి వచ్చేవరకు అలహాబాదు దాటి కూడా ఇలిష్ ఎక్కివచ్చేది. ఇప్పుడు ఆ ఎగువ ఊళ్లలో అది జ్ఞాపకమే. బంగ్లాదేశంలో మాత్రం గుడ్లు పెట్టే ఆశ్వయుజ దినాలలో సుమారు మూడు వారాలు వేట పూర్తిగా ఆపుతారు. 25 సెంటీమీటర్లకు లోపు పిల్లలను కూడా కొంతకాలం పట్టనివ్వరు.

మన గోదావరిలో పులసను నావల మీద నుండి, ప్రవాహంలో తేలే పలుచని వలలతో పడతారు. ఒక రాత్రి శ్రమకు ఒక్క చేప దొరికితే గొప్పగా భావించే రోజులు వచ్చాయి. అందుచేతనే ధర ఆకాశాన్ని అంటింది. యానాంలో ఒక్క చేప వేలంలో 20,000 రూపాయలు దాటి పలికిన సందర్భాలు ఇటీవలి సంవత్సరాలలో ఉన్నవి. పుస్తెలమ్మి అయినా పులస తినాలని మనవారు సరసానికి అన్న మాట ఇప్పుడు లెక్కకు కూడా సరిపోతున్నది.

ధర ఉన్నచోట మారుపేరు తప్పదు. ఒడిస్సా, బెంగాలు తీరాల నుండి మంచులో వచ్చిన విలసను పులస అని అమ్మడం కోస్తాలోనే ఉన్నది. ఇంత దూరాన ఉన్న మనకు వేరే చెప్పవలెనా? చిక్కేమంటే, అది కూడా అదే జాతి చేప. దవడనొక్కు, పొట్టరంపం అన్నీ సరిపోతాయి. నదిలో కొంత దూరం ఈదిన చేపకు వెండిరంగు మీద లేత బంగారు ఛాయ వస్తుందని బెస్తవారు చెబుతారు. వారి కన్నుకు తెలిసేది మన కన్నుకు తెలియదు. మనకు పనికివచ్చేది పంచాంగం. తెలంగాణలో మృగశిర కార్తె ప్రవేశించిన రోజున, అనగా జూన్ 7, 8 తేదీలలో, చేప తినడం ఆచారం. తూర్పుతీరంలో మరపడవల వేటకు ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు నిషేధం. పడమటితీరంలో జూన్ 1 నుండి జూలై 31 వరకు. అంటే మన మృగశిర నాడు రెండు తీరాలలోను మరపడవలు ఒడ్డుననే ఉంటాయి. గోదావరికి ఎర్రనీరు ఇంకా రాదు. ఆ రోజున "తాజా పులస" అని ఎవరైనా అంటే అది ఎన్నాళ్లనాటి మంచుచేపయో అడిగి తెలుసుకోవలెను. మృగశిరకు మన చెరువుల కొర్రమీను, బొచ్చె, శీలావతి ఉండనే ఉన్నవి. మంచినీటి చేపను ప్రాణంతో చూచి కొనుక్కొనే భాగ్యం సముద్రతీరం వారికి కూడా అంత సులభంగా దొరకదు.

వందలాది కిలోమీటర్లు ప్రయాణం చేసిన సముద్రపు చేపను కొనేటప్పుడు నాలుగు విషయాలు చూడవలెను. కన్ను ఉబ్బి, తేటగా ఉండవలెను; గుంటపడి, పాలిపోయి ఉండరాదు. మొప్ప ఎత్తి చూస్తే ఎరుపు కనబడవలెను; గోధుమరంగు మంచిది కాదు. వ్రేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పైకి రావలెను. వాసన సముద్రపు వాసనగా ఉండవలెను గాని, పుల్లగా, ఘాటుగా ఉండరాదు. విలస విషయంలో ఇది మరింత ముఖ్యం. దానిలో నూనె ఎక్కువ గనుక త్వరగా చెడుతుంది. పైగా ఇటువంటి చేపలు వేడిలో నిలువ ఉంటే వాటి కండలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడడం, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు కలుగుతాయి. ఎంత ఉడికించినా ఆ పదార్థం పోదు. "పులుసులో మరిగితే అన్నీ సరిపోతాయి" అనే మాట ఇక్కడ చెల్లదు. మంచు కరిగి నీటిలో తేలుతున్న చేప ఎంత చవకగా వచ్చినా విడిచిపెట్టడమే మేలు.

పులస వంటకు తొందర పనికిరాదు. దీని కండ నిండా వెంట్రుకవంటి ముళ్లు, చీలినవి, లెక్కకు మించి ఉంటాయి. చింతపండు పులుపులో, మట్టికుండలో, సన్నని మంట మీద చాలసేపు మరిగితే ఆ ముళ్లు మెత్తబడతాయి. గోదావరి జిల్లాల ఇల్లాళ్లు ఉల్లి, పచ్చిమిరప వేపి, చింతపండు రసం పోసి, చేపముక్కలు పరచి, గరిట పెట్టక కుండనే పట్టుకొని కదుపుతారు. బెండకాయలు, కొందరు వంకాయలు కూడా వేస్తారు. దింపబోయే ముందు కొంచెం వెన్న, ఆవకాయ మీది నూనె కలపడం వారి రహస్యం; రహస్యమని పేరే గాని అందరికీ తెలిసినదే. రాత్రి వండి మరునాడు తింటే రుచి హెచ్చు అని వారి అనుభవం. వేసవి వంటి ఉక్కపోతలో మాత్రం కుండను చల్లనిచోట ఉంచవలెను. ముళ్లు ఏరుకొనలేని చిన్నపిల్లలకు పులుసన్నం పెట్టి, ముక్కను పెద్దలే తినడం క్షేమం.

ఈ పద్ధతిని నారింజరంగు సాల్మనుకు వర్తింపజేయరాదు. దానికి ముళ్లు తక్కువ, కండ పొరలు పొరలుగా విడిపోతుంది. గంటసేపు మరిగించితే పులుసులో పొట్టు మిగులుతుంది. సియాటిల్‌లోనో, కందిలోనో సాల్మను పులుసు వండదలచినవారు పులుసును ముందే చిక్కగా కాచి, ముక్కలను చివర వేసి, మూతపెట్టి, పది నిమిషాలలో దింపవలెను. మాగకు ఈ రెంటికీ నడుమ పాకం: పులుసు సగం కాగినప్పుడు వేస్తే చాలును.